ప్రొపెల్లర్ రెక్కలు సమంగా నిలిచినా మోటారు అదురుతోంది: తూకంలో ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

ఉప్పుగాలి, కాకినాడ (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. ఫోమ్ షీటుతో నేను స్వయంగా కట్టుకున్న, రిమోట్‌తో ఎగరేసే హై వింగ్ ట్రైనర్ (రెక్క పైభాగాన ఉండే, నేర్చుకునేవారి) నమూనా విమానం ఒకటి నా దగ్గర ఉంది. దాని వింగ్ స్పాన్ 120 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు 850 గ్రాములు. మనలో చాలామంది మొదటి విమానానికి వాడే ఎ2212 1000 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి 1000 చుట్ల లెక్కన తిరిగే) మోటారునే దీనికీ బిగించాను; 3 సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, 10×4.5 (వ్యాసం 10 అంగుళాలు, రెక్కల మెలిక చుట్టుకు 4.5 అంగుళాలు) ప్లాస్టిక్ ప్రొపెల్లర్ వాడుతున్నాను. థ్రాటిల్ (మోటారు వేగం పెంచే కర్ర) సగం దాటే వరకు ఏ ఇబ్బందీ ఉండదు. సగం దాటిన తరువాత మాత్రం ముక్కు దగ్గర సన్నటి అదురు మొదలై తోక దాకా పాకుతుంది. విమానాన్ని బల్లకు కట్టి మోటారు తిప్పినప్పుడు ఎలివేటర్ (తోక మీద కదిలే పలక) అంచును వేలితో తాకితే, గుప్పిట్లో తుమ్మెద కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. గత నెలలో నాలుగుసార్లు ఎగరేసేసరికి మోటారు మౌంటు స్క్రూలు రెండు వదులయ్యాయి, ఒకటి ఎక్కడో రాలిపోయింది. విమానం కింద బిగించిన చిన్న కెమెరాలో చూస్తే పొలం గట్లన్నీ చెరువులో నీడల్లా అలలు అలలుగా కదులుతున్నాయి.

తూకం చూసే పరికరం కొనకుండా ఇంట్లోనే ఒకటి తయారు చేసుకున్నాను. రెండు చెక్క దిమ్మెలకు గాట్లు పెట్టి, వాటిలో గడ్డం గీసుకునే బ్లేడ్లు రెండింటిని నిలువుగా నిలబెట్టాను. పాత ప్రింటరు నుంచి తీసిన 3 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీని ప్రొపెల్లర్ రంధ్రంలో దూర్చాను. రంధ్రం 6 మిల్లీమీటర్లది కాబట్టి మధ్యలో ఖాళీ మిగలకుండా కడ్డీకి ఇన్సులేషన్ టేపు చుట్టాను. ప్రొపెల్లర్‌ను అడ్డంగా పెట్టగానే ఒక రెక్క కిందికి మొగ్గింది. తేలికైన రెక్క కొసన గోళ్లరంగు మూడు పూతలు వేసేసరికి రెండు రెక్కలూ త్రాసు పళ్లేల్లా సమంగా నిలిచాయి. ఇంత శ్రద్ధగా చేసినా అదురు తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగిందేమోనని కూడా నాకు అనుమానంగా ఉంది.

దీనితో పాటు మరొక సందేహం. మా మామయ్య గారు ఇచ్చిన గ్లో ఇంజన్ (ద్రవ ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్) విమానానికి 10×6 చెక్క ప్రొపెల్లర్ ఉంది. మే నెలలో దాని బరువైన రెక్కను గరుకు కాగితంతో రుద్ది, తూకం కుదిర్చి, షెడ్డులో దాచాను. ఆగస్టులో తీసి చూస్తే మళ్లీ ఒక పక్కకు ఒరుగుతోంది. చెక్క ప్రొపెల్లర్‌కు తూకం నిలవదా, లేక నేను చేసిన పద్ధతిలోనే లోపముందా? అనుభవమున్న పెద్దలు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

బాల్సా పొట్టు, హైదరాబాద్ (జవాబు)

ఉప్పుగాలి గారూ, మీరు ఇంత వివరంగా రాయడం వల్ల జవాబు చెప్పడం తేలికైంది. నా అంచనా ప్రకారం మీ ప్రొపెల్లర్ కన్నా ముందు మీ త్రాసునే అనుమానించాలి. 6 మిల్లీమీటర్ల రంధ్రంలో 3 మిల్లీమీటర్ల కడ్డీని టేపు చుట్టి బిగించానని రాశారు. టేపు ఎంత జాగ్రత్తగా చుట్టినా దాని మొదలు ఉన్నచోట ఒక మెట్టు ఏర్పడుతుంది, పైగా అది మెత్తటిది కాబట్టి ప్రొపెల్లర్‌ను లోపలికి తోసినప్పుడు ఒక పక్క నలిగి ఇంకొక పక్క ఉబ్బుతుంది. అప్పుడు కడ్డీ రంధ్రం నడుమ కాకుండా కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఆ త్రాసు చూపించిన మొగ్గు ప్రొపెల్లర్‌ది కావచ్చు, టేపుది కావచ్చు. టేపుదే అయితే మీరు వేసిన గోళ్లరంగు తూకం బాగున్న ప్రొపెల్లర్‌ను చెడగొట్టినట్టే, మోటారుకు బిగించాక అదురు పెరిగిందేమోనన్న మీ అనుమానం నిజమే అయినట్టు.

ఇది తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రెక్కల మీద పెన్నుతో 1, 2 అని రాయండి. కడ్డీ చివర కూడా ఒక గుర్తు పెట్టండి. ప్రొపెల్లర్‌ను అడ్డంగా పెట్టి ఏ రెక్క దిగుతుందో చూడండి. ఆ తరువాత కడ్డీని అలాగే ఉంచి, ప్రొపెల్లర్‌ను మాత్రం కడ్డీ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడండి. మొదట దిగిన రెక్కే రెండోసారీ దిగితే బరువు నిజంగా ఆ రెక్కలో ఉంది. మొదట 1, తరువాత 2 దిగితే ప్రొపెల్లర్ తప్పేమీ లేదు, కడ్డీ నడుమన లేదు. ఈ పరీక్ష నెగ్గని త్రాసు మీద గంటలకొద్దీ కూర్చున్నా ఫలితం ఉండదు. కొని తెచ్చుకున్న పరికరమైనా సరే, నేను కొత్త ప్రొపెల్లర్ పెట్టిన ప్రతిసారీ ఈ పరీక్షతోనే మొదలుపెడతాను.

బ్లేడ్ల అంచులు రెండూ ఒకే ఎత్తులో, ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో తాపీ మేస్త్రుల దగ్గర ఉండే రసమట్టంతో సరిచూడండి. ప్రొపెల్లర్ లేకుండా కడ్డీని మాత్రమే అంచుల మీద పెడితే అది ఎటూ దొర్లకుండా ఉండాలి. ఫ్యాను కట్టేసి, కిటికీ మూసి చూడాలి, ఎందుకంటే ఇంత తేలికైన రెక్కను గది గాలి కూడా నెడుతుంది.

ఇంత చిన్న తేడా గురించి ఇంత పట్టుదల ఎందుకని కొత్తవారు అడుగుతుంటారు. వారి కోసం ఒక లెక్క చెబుతాను. ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో 0.1 గ్రాము, అంటే అయిదారు బియ్యపు గింజల బరువు, ఒక రెక్కలో ఎక్కువగా ఉందనుకుందాం. ప్రొపెల్లర్ నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు ఆ 0.1 గ్రాము మోటారు ఇరుసును దాదాపు 400 గ్రాముల బరువు వేలాడదీసినంత బలంతో బయటికి లాగుతుంది. ఆ లాగుడు ఒక దిక్కుకే ఉంటే మౌంటు తట్టుకునేది. అది సెకనుకు 100 సార్లు పైకీ, పక్కకూ, కిందికీ మారుతూ ఉంటుంది. మీ విమానం మొత్తం బరువు 850 గ్రాములే కదా, అందులో సగానికి దగ్గరైన బలం ముక్కును సెకనుకు 100 సార్లు కుదుపుతుంటే స్క్రూలు రాలకుండా ఎలా ఉంటాయి? వేగం రెట్టింపయితే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే మీకు సగం థ్రాటిల్ దాకా తెలియనిది ఆ తరువాత ఒక్కసారిగా బయటపడుతోంది.

ఇక రెండో విషయం. మీరు ప్రొపెల్లర్‌ను అడ్డంగా మాత్రమే పెట్టి చూశారు. అడ్డంగా నిలిచిందంటే రెక్కల పొడవు దిశలో తూకం సరిపోయిందని మాత్రమే అర్థం. ఒక రెక్క పైకి, ఒక రెక్క కిందికి ఉండేలా నిలువుగా పెట్టి వదలండి. అక్కడా కదలకుండా నిలిస్తేనే పని పూర్తయినట్టు. నిలువు నుంచి కుడికో ఎడమకో ఒరిగితే హబ్‌లో, అంటే నడి దిమ్మెలో, ఒక పక్క బరువు ఎక్కువగా ఉంది. నాకు తెలిసిన వారిలో చాలామంది రెక్కలు సమంగా నిలవగానే సంతోషించి అక్కడితో ఆపేస్తారు. చౌక ప్లాస్టిక్ ప్రొపెల్లర్లలో అసలు చిక్కు చాలాసార్లు హబ్‌లోనే ఉంటుంది. నిజానికి తూకం కుదిరిన ప్రొపెల్లర్‌ను అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా ఎక్కడ ఆపితే అక్కడే ఉండాలి. తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లి ఆగే చోటంటూ ఏదీ ఉండకూడదు.

హబ్‌ను సరిచేసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రెక్క కొస దగ్గర 10 మిల్లీగ్రాములు చేసే పనిని, ఇరుసుకు ఒక్క సెంటీమీటరు దూరంలో ఉండే హబ్ అంచున చేయాలంటే 100 మిల్లీగ్రాములు కావాలి. అందువల్ల గోళ్లరంగు పూతలు అక్కడ చాలవు. తేలికైన పక్కన, వీలైతే హబ్ వెనుక గుంటలో, ఎరాల్డైట్ (రెండు భాగాలు కలిపే జిగురు) కొద్దికొద్దిగా పెట్టండి. ఆ గుంటలో పెట్టింది గట్టిపడ్డాక ఊడిపోదు, పైకి కనిపించదు. సీసం ముక్కలు, ఇనుప పొడి వంటివి మాత్రం ఎప్పుడూ అంటించవద్దు. అంత వేగంలో ఊడి వచ్చిన లోహపు ముక్క కంట్లో పడితే పోయిన చూపు తిరిగి రాదు. హబ్‌కు రంధ్రాలు వేసి బరువు తీయడం కూడా తగదు, రెక్కల లాగుడు మొత్తం మోసేది అదే.

బరువైన రెక్క నుంచి తీయడమా, తేలికైన రెక్కకు కలపడమా అన్నది ప్రొపెల్లర్‌ను బట్టి ఉంటుంది. అచ్చులో పోసిన ప్లాస్టిక్ రెక్కల అంచుల వెంట సన్నటి పొర మిగిలి ఉంటుంది, వేలు కోసుకునేంత పదునుగా కూడా ఉంటుంది. ముందు దాన్ని రెండు రెక్కలకూ 400 నంబరు గరుకు కాగితంతో తీసేయాలి. ఒక్కోసారి దానితోనే సగం తేడా పోతుంది. మిగిలిన తేడాకు బరువైన రెక్క వంపు ముఖాన్ని, నడుమ నుంచి కొస దాకా, తడిపిన 600 నంబరు కాగితంతో పలుచగా, సమంగా రుద్దుతాను. గాలిని మొదట చీల్చే ముందంచును ముట్టను, కొసను కత్తిరించి పొడవు తగ్గించను. ఆ రెండూ చేస్తే తూకం కుదిరినా రెండు రెక్కలూ గాలిని ఒకేలా నెట్టవు, అప్పుడు వేరే రకం అదురు పుడుతుంది. ఫైబర్ కలిపిన ప్లాస్టిక్ అయితే పొడి ఊపిరిలోకి పోకుండా తడిపి రుద్దడం, మాస్కు కట్టుకోవడం తప్పనిసరి.

గోళ్లరంగు గురించి ఒక మాట. అది ఆరేటప్పుడు అందులోని ద్రావకం ఆవిరై బరువు తగ్గుతుంది. తడిగా ఉన్నప్పుడు సమంగా నిలిచిన రెక్క అరగంట తరువాత మళ్లీ పైకి లేస్తుంది. కాబట్టి తడి మీద తూకం ఒక వెంట్రుకవాసి ఎక్కువగానే ఉండాలి, తుది నిర్ణయం పూర్తిగా ఆరాకే తీసుకోవాలి.

లేత్ మేస్త్రి, విజయవాడ (జవాబు)

పై జవాబులో చెప్పినవన్నీ నిజమే. నేను ఆటోనగర్‌లో లేత్ పని చేస్తాను, మా అబ్బాయి వల్ల ఈ విమానాల వైపు వచ్చాను. మా వృత్తిలో తిరిగే వస్తువు ఏది అదిరినా మొదట అడిగే ప్రశ్న, బరువు ఎక్కడ ఎక్కువుంది అని కాదు, ఇది తన నడుమ చుట్టూనే తిరుగుతోందా అని.

10 గ్రాముల ప్రొపెల్లర్ తన నడుమ నుంచి 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగి బిగిస్తే, అది 10 సెంటీమీటర్ల దూరంలో 10 మిల్లీగ్రాములు అదనంగా పెట్టినదానితో సమానం. పెద్దలు ఇచ్చిన లెక్కనే పట్టుకుంటే 6000 చుట్ల దగ్గర 40 గ్రాముల లాగుడు. 0.1 మిల్లీమీటరంటే మామూలు రాత కాగితం మందం. మీ ప్రొపెల్లర్‌తో పాటు వచ్చే, రంధ్రం సైజు తగ్గించే ప్లాస్టిక్ రింగులు హబ్‌లో వదులుగా కూర్చుంటే అంతకంటే ఎక్కువే జరుగుతాయి. త్రాసు మీద ఒక రింగుతో చూసి, మోటారు మీద మరొక రింగుతో బిగిస్తే చేసిన పనంతా వృథా. ఏ రింగుతో ఎగరేస్తారో దానితోనే తూకం చూడండి, వీలైతే ఒక్క చుక్క సూపర్ గ్లూతో ఆ రింగును హబ్‌లో శాశ్వతంగా అతికించండి.

టేపు బదులు ఏం వాడాలంటే, మీ ఊళ్లో ఏ టర్నర్ దగ్గరైనా గ్రైండింగ్ చేసిన 6 మిల్లీమీటర్ల సిల్వర్ స్టీల్ కడ్డీ ముక్క దొరుకుతుంది. 8 సెంటీమీటర్ల పొడవు చాలు. రంధ్రంలో అది వేలి ఒత్తిడితో దూరాలి, ఊగకూడదు. ఇంకా మంచిది కావాలంటే 3 మిల్లీమీటర్ల కడ్డీ మీద జారే ఇత్తడి కోనులు రెండు లేత్ మీద చేయించుకోండి. కోను రెండు వైపుల నుంచి నొక్కుతుంది కాబట్టి ఏ సైజు రంధ్రమైనా తనంతట తానే నడుమకు వస్తుంది. కడ్డీ వంగిందో లేదో గాజు పలక మీద దొర్లించి చూస్తే తెలుస్తుంది. వంగిన కడ్డీ కింద వెలుతురు సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది.

తరువాత మోటారు వైపు చూడాలి. ప్రొపెల్లర్ తీసేసి మోటారును ఒంటరిగా తిప్పండి. అప్పుడే అదురుంటే ప్రొపెల్లర్ ఎంత చెక్కినా పోదు. మోటారు బాగుంటే అడాప్టర్ (ప్రొపెల్లర్‌ను మోటారు ఇరుసుకు పట్టించే ముక్క) మాత్రమే బిగించి, బ్యాటరీ తీసేసి, పెన్సిల్ మొనను అడాప్టర్ కొసకు తగలీ తగలనట్టు పట్టుకుని చేత్తో నెమ్మదిగా తిప్పండి. సందు చుట్టూ ఒకేలా ఉండాలి. ఈ మోటారుతో వచ్చే కాలెట్ (ఇరుసును చుట్టూ బిగించి పట్టుకునే) అడాప్టర్లను మేకును పట్టుకున్నట్టు ప్లయరుతో పట్టుకుని బిగిస్తుంటారు, విమానం ఒక్కసారి ముక్కు మీద పడినా అవి వంగుతాయి. వంగిన అడాప్టర్‌ను సుత్తితో సరిచేయాలని చూడకుండా కొత్తది వేయండి, దాని ధర ఒక ప్రొపెల్లర్ ధరను మించదు.

చివరిగా రెక్కల దారి. పెన్సిల్‌ను ఒక దిమ్మెకు కట్టి, మొన ఒక రెక్క కొసకు ఆనుకునేలా పెట్టి, చేత్తో తిప్పి రెండో రెక్క కొస ఎక్కడ వస్తుందో చూడండి. తేడా ఒక మిల్లీమీటరు దాటితే, తూకం ఎంత బాగున్నా ఆ ప్రొపెల్లర్ అదురుతూనే ఉంటుంది.

ఉప్పుగాలి, కాకినాడ

ఇద్దరికీ నా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం నుంచి మీరు చెప్పిన క్రమంలోనే చూస్తూ వచ్చాను. మొదటి పరీక్షలోనే నా త్రాసు తప్పని తేలింది. ప్రొపెల్లర్‌ను సగం చుట్టు తిప్పగానే దిగిన రెక్క మారిపోయింది. టేపు విప్పి చూస్తే, దాని మొదలు మడత పడి ఒక పక్క గట్టుకట్టి ఉంది. ఆ గట్టుకు ఎదురుగా ఉన్న వైపే ప్రతిసారీ పైకి లేస్తోంది, నేనేమో ఆ రెక్కనే తేలికైనదనుకుని గోళ్లరంగు పూశాను.

ఈ రోజు ఉదయం ఇక్కడి టర్నర్ గారి దగ్గర 6 మిల్లీమీటర్ల కడ్డీ ముక్క తెచ్చుకున్నాను. గోళ్లరంగును ఎసిటోన్‌తో తుడవబోయి, ప్లాస్టిక్ మెత్తబడుతుందేమోనని భయపడి ఆపి, గరుకు కాగితంతోనే తీశాను. ఇప్పుడు రెక్కలు అడ్డంగా దాదాపు సమంగానే నిలుస్తున్నాయి. నిలువుగా పెడితే మాత్రం ప్రతిసారీ కుడి వైపుకే, నిమిషాల ముల్లు జరిగినంత నెమ్మదిగా ఒరుగుతోంది. రెండు జవాబుల్లోనూ చెప్పినట్టు తప్పులు రెండు చోట్ల ఉన్నాయన్నమాట. హబ్ వెనుక గుంటలో ఎరాల్డైట్ పెట్టి రేపటిదాకా ఆరనిస్తాను.

నాలుగు మోటార్లు, బెంగళూరు (జవాబు)

నేను ఎక్కువగా మల్టీరోటర్లు (పలు ప్రొపెల్లర్ల డ్రోన్లు) కడతాను కాబట్టి ఆ వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను. మా దగ్గర అదురు కేవలం స్క్రూలకు సంబంధించిన విషయం కాదు. ఫ్లైట్ కంట్రోలర్‌లోని (డ్రోన్‌ను నిలకడగా ఉంచే చిన్న కంప్యూటర్‌లోని) యాక్సెలరోమీటర్, అంటే కదలికను కొలిచే సెన్సర్, ఆ కుదుపులన్నిటినీ విమానపు కదలికలుగానే చదువుతుంది. ఆ కంప్యూటర్‌లో ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ఎగిరి వచ్చాక లాగ్‌లో వైబ్రేషన్ విలువలు చూడవచ్చు; సెకను స్క్వేర్‌కు 30 మీటర్ల లోపు ఉంటే సాధారణంగా ఫరవాలేదని, 60 దాటితే ఎత్తు నిలపడంలోనూ స్థానం నిలపడంలోనూ దాదాపు తప్పకుండా ఇబ్బంది వస్తుందని ఆ ప్రాజెక్టు వారి సూచన. ఉప్పుగాలి గారి వీడియోలో కనిపించిన అలలు కూడా ఇందుకు సంబంధించినవే. ఆ చిన్న కెమెరాలు బొమ్మ మొత్తాన్ని ఒకేసారి తీయవు, పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తరువాత ఒకటి చదువుతాయి. ఒక వరుసకూ మరో వరుసకూ మధ్య కెమెరా అదిరితే గట్టు వంకరపోయినట్టు కనిపిస్తుంది. కెమెరా కింద మెత్తటి ఫోమ్ పెడితే బొమ్మ కుదుటపడుతుంది కానీ, మోటారు బేరింగ్ అరుగుదల ఆగదు.

పెద్దలు చెప్పిన ఒక విషయంలో మాత్రం నా పద్ధతి వేరు. ప్లాస్టిక్ రెక్కలను రుద్ది బరువు తీయడం కన్నా, తేలికైన రెక్క వెనుక ముఖం మీద పారదర్శక సెల్లోటేపు ముక్క అతికించడం నాకు నచ్చుతుంది. రుద్దినది తిరిగి రాదు, టేపు అయితే ఎన్నిసార్లయినా కత్తిరించి చూడవచ్చు. మామూలు టేపు ఒక చదరపు సెంటీమీటరు సుమారు 5 మిల్లీగ్రాములు తూగుతుంది కాబట్టి, లెక్క కూడా చేతిలోనే ఉంటుంది. వెనుక ముఖం మీద, ముందంచుకు దూరంగా, నూనె మరకలు స్పిరిట్‌తో తుడిచాక అతికిస్తే నా అనుభవంలో ఊడలేదు. గ్లో ఇంజన్ల మీద ఇంధనపు నూనె చిమ్ముతుంది కాబట్టి అక్కడ ఇది పనికిరాదని ఒప్పుకుంటాను.

త్రాసు మీద పని అయ్యాక మోటారు మీద సరిచూసుకోవడానికి రెండు మార్గాలున్నాయి. మోటారు మౌంటు మీద గోరంత అద్దం ముక్క అతికించి, విమానాన్ని గట్టిగా కట్టి, లేజర్ పాయింటర్ కాంతి ఆ అద్దం మీద పడి గోడకు తగిలేలా పెట్టండి. మోటారు తిరగకముందు గోడ మీద చుక్క కనిపిస్తుంది, తిరిగేటప్పుడు అది గీతగా సాగుతుంది. గీత ఎంత పొట్టిగా ఉంటే తూకం అంత బాగున్నట్టు. చీకటి గదిలో ఇది చూస్తుంటే టేపు ముక్కను కాస్త జరిపినా గీత పెరగడం, తగ్గడం కళ్లముందే తెలిసిపోతుంది.

రెండో మార్గం ఫోన్. ఫైఫాక్స్ వంటి ఉచిత యాప్‌తో ఫోన్‌లోని యాక్సెలరోమీటర్ కొలతలు చూడవచ్చు. అయితే చాలా ఫోన్లు సెకనుకు కొన్ని వందల సార్లు మాత్రమే కొలుస్తాయి, కొన్ని 100 దగ్గరే ఆగిపోతాయి. సెకనుకు 100 సార్లు కొలిచే ఫోన్‌తో సెకనుకు 100 చుట్లు తిరిగే ప్రొపెల్లర్‌ను చూస్తే కనిపించేది అబద్ధం. అటువంటి ఫోన్ అయితే నిమిషానికి 1800 చుట్ల దగ్గర, అంటే సెకనుకు 30 దగ్గర, పరీక్షించుకోవాలి.

ఇంకొక చిట్కా కూడా ఉంది. మోటారు, అడాప్టర్, ప్రొపెల్లర్ మూడింటిలోనూ కొద్దికొద్దిగా తేడా ఉంటుంది. ప్రొపెల్లర్‌ను అడాప్టర్ మీద పావు చుట్టు చొప్పున తిప్పి బిగిస్తూ నాలుగు స్థానాల్లోనూ లేజర్ గీత కొలవండి. ఒక స్థానంలో ఒకదాని తేడా మరొకదాన్ని చంపుతుంది. ఆ స్థానానికి ప్రొపెల్లర్ మీద, అడాప్టర్ మీద కలిపి ఒక మార్కర్ గీత గీసుకుంటే తరువాత ఎన్నిసార్లు విప్పినా అక్కడే బిగించవచ్చు.

మోటారు తిరిగేటప్పుడు ఎవరూ ప్రొపెల్లర్ తిరిగే వరుసలో, అంటే దాని పక్కన, నిలబడకూడదు. వెనుక ఉండాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. టేపు ముక్క మార్చడానికి చెయ్యి పెట్టే ప్రతిసారీ బ్యాటరీ తీగ విప్పాలి. పదిసార్లు విప్పి పెట్టడం విసుగే, కానీ థ్రాటిల్ కర్రకు మోచేయి తగిలిన ఒక్క క్షణంలో వేళ్లు పోయినవారి సంగతి మన మధ్య అందరికీ తెలిసిందే.

బాల్సా పొట్టు, హైదరాబాద్

టేపు విషయంలో బెంగళూరు వారి మాట సబబుగానే ఉంది, విద్యుత్ మోటార్లకు నేనూ ప్రయత్నిస్తాను. ఉప్పుగాలి గారి చెక్క ప్రొపెల్లర్ ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి దానికి జవాబు రాస్తున్నాను.

చెక్కకు తూకం నిలుస్తుంది, కాకపోతే రుద్దిన చోటును మూయాలి. మీరు మే నెలలో గరుకు కాగితంతో రుద్దినప్పుడు దాని మీద ఉన్న వార్నిష్ పొర పోయింది. ఒక రెక్క వార్నిష్‌తో, ఇంకొకటి పచ్చి చెక్కతో వానాకాలంలోకి అడుగుపెట్టాయి. కాకినాడ వంటి సముద్రతీరపు ఊరిలో షెడ్డులో ఉంచితే పచ్చి చెక్క తేమను పీల్చుకుంటుంది, ఏ రెక్కను తేలిక చేశారో అదే రెక్క బరువెక్కుతుంది. ఇప్పుడు ఒరుగుతున్నది మీరు రుద్దిన రెక్క వైపే అయ్యుండాలని నా నమ్మకం, సరిచూసి చెప్పండి.

దీనికి మళ్లీ రుద్దవద్దు. ముందు ఆ ప్రొపెల్లర్‌ను వారం రోజులు పొడిగా ఉండే గదిలో, ఎండ నేరుగా తగలకుండా, పడుకోబెట్టి ఉంచండి. నిలువుగా వేలాడదీస్తే తేమ కింది రెక్కలోకి దిగుతుందని పెద్ద విమానాల చెక్క ప్రొపెల్లర్లను కూడా అడ్డంగా ఆపి ఉంచడం ఆనవాయితీ. ఆరిన తరువాత తూకం చూస్తే తేడా చాలావరకు పోయి ఉంటుంది. అప్పుడు రుద్దిన భాగమంతా, రంధ్రం లోపలి గోడతో సహా, పాలియురెథేన్ వార్నిష్ పలుచగా రెండు పూతలు వేయండి. రంధ్రం గోడను చాలామంది మరిచిపోతారు, తేమ ఎక్కువగా పోయేది చెక్క నరాలు తెగి కనిపించే అటువంటి చోట్ల నుంచే. వార్నిష్‌కూ బరువుంటుంది కాబట్టి చివరి తూకం ఆ వార్నిష్‌తోనే కుదర్చాలి, తేలికైన రెక్కకు మూడో పూత వేసి. ఆ తరువాత కాగితం ముట్టనవసరం లేదు.

ఒకే సిలిండర్ ఉన్న గ్లో ఇంజన్ పిస్టన్ కదలిక వల్లనే కొంత అదురుతుంది. ప్రొపెల్లర్ ఎంత చక్కగా నిలిచినా ఆ అదురు పూర్తిగా పోదు, దానికి నిరుత్సాహపడవద్దు. అయినా అక్కడ తూకం చూడకుండా వదిలేయకూడదు. అటువంటి ఇంజన్ నిమిషానికి 12,000 చుట్ల దాకా తిరుగుతుంది, అంటే నేను ముందు చెప్పిన 0.1 గ్రాము అక్కడ ఒకటిన్నర కిలోకు పైగా లాగుతుంది. ఆ అదురుకు ట్యాంకులో ఇంధనం నురగలు కట్టి, గొట్టంలోకి గాలి బుడగలు పోయి, ఇంజన్ గాలిలో ఉన్నట్టుండి వేడెక్కి ఆగిపోతుంది. అందరూ ఇంధనం పాళ్లు సరిచేసే నీడిల్ వాల్వును తిప్పుతూ కూర్చుంటారు, చూడవలసినది ప్రొపెల్లర్‌ను, ట్యాంకు చుట్టూ ఉన్న ఫోమ్‌ను.

ముందంచున గాటు పడిన చెక్క ప్రొపెల్లర్‌ను, మొదలు దగ్గర తెల్లబడిన ప్లాస్టిక్ ప్రొపెల్లర్‌ను తూకం వేసి కాపాడే ప్రయత్నం చేయవద్దు. తెల్లబడటమంటే లోపల పగులు మొదలైందని. రెండు ముక్కలుగా విరిచి పారేయండి, ఇంకెవరూ తీసి వాడకుండా ఉంటారు.

ఉప్పుగాలి, కాకినాడ

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, నాలుగు రోజులుగా వాన. హబ్ గుంటలో మొదట పెట్టిన ఎరాల్డైట్ చాలలేదు, రెండోసారి దాదాపు అంతే పెట్టవలసి వచ్చింది. హబ్‌కు పదింతలు కావాలన్న లెక్క ముందే చదివి కూడా చేతికి ధైర్యం చాలలేదు. ఆరిన తరువాత నిలువుగా నిలిచింది, మళ్లీ అడ్డంగా చూస్తే 2వ రెక్క కొంచెం తేలిపోయింది, దాని వెనుక ఒకటిన్నర చదరపు సెంటీమీటర్ల సెల్లోటేపు అంటించాను. ఇప్పుడు ఏ మూలన ఆపినా ఆపిన చోటే ఉంటోంది.

అడాప్టర్ కూడా వంగిందే. పెన్సిల్ పెట్టి తిప్పితే ఒక వైపు మొన తగిలి, ఎదురు వైపు గోరు పట్టేంత సందు కనిపించింది. కొత్తది వేశాను. లేజర్ పాయింటర్‌తో రాత్రి వరండాలో చూశాం, మా అమ్మాయి గోడ మీద స్కేలు పట్టుకుంది. పాత అడాప్టర్, తూకం చూడని పాత ప్రొపెల్లర్‌తో మూడు వంతుల థ్రాటిల్ దగ్గర 46 మిల్లీమీటర్లున్న గీత, కొత్త అడాప్టర్, తూకం కుదిర్చిన ప్రొపెల్లర్‌తో 9కి దిగింది. పావు చుట్టు చొప్పున తిప్పి చూస్తే మూడో స్థానంలో 6 వచ్చింది. అక్కడే మార్కర్‌తో గీత గీసుకున్నాను.

చెక్క ప్రొపెల్లర్ ఒరుగుతున్నది బాల్సా పొట్టు గారు ఊహించినట్టే నేను రుద్దిన రెక్క వైపే. దాన్ని బియ్యం డబ్బాల గదిలో అల్మరా మీద అడ్డంగా పడుకోబెట్టాను. వాన వెలిసి గది కాస్త పొడిబారాక వార్నిష్ వేస్తాను.